ఖాళీ కొలత

లోహం కలిసిన చిన్న చిన్న అణువులను వాయువుగా వదిలి, అవి ఎలా గిర్రున తిరుగుతున్నాయో కొలిచే ల్యాబ్ అది. కొత్త నమూనా పెట్టే ముందు ఖాళీ కొలత తియ్యాలి. అది ఒకప్పుడు ఇక్కడే పనిచేసిన అక్క పెట్టిన నియమం. మనిషి పట్టేంత ఉక్కు ఛాంబర్‌లోంచి గాలంతా పంపులతో లాగేసి, నమూనా ఏదీ వదలకుండా మైక్రోవేవ్ తరంగాలు పంపితే, తెర మీద చదునైన గీత రావాలి.

కిటికీల్లేని ఆ నేలమాళిగలో, మధ్యాహ్నం పన్నెండింటికి, చెల్లెలికి చదునైన గీత రాలేదు. ఒక శిఖరం లేచింది.

శిఖరం లేచే చోటే అణువుకి వేలిముద్ర. ఈ వేలిముద్ర ఆమెకు తెలుసు. పాదరసం కలిసిన అణువు. అదే ఒంట్లో చేరి అక్కని ఏడు నెలల్లో తినేసింది. "ఆ పదార్థం మా ల్యాబ్‌లో ఎన్నడూ లేదు, ఆమే బయట ఎక్కడో ముట్టుకుంది" అని విచారణ కాగితం మీద ప్రొఫెసర్ సంతకం పెట్టాడు. తప్పంతా చచ్చినవాళ్ల నెత్తిన రుద్దడం అధికారానికి ఎంత సులువు! వాళ్లు ఎదురు చెప్పరు కదా. ఆ మాట అబద్ధమని తేల్చడానికే ఆమె ఇక్కడ చేరింది.

మెట్ల మీద ప్రొఫెసర్ బూట్ల చప్పుడు.

"భోజనానికి పోలేదేమ్మా?"

"ఇది చూడండి సార్."

చూశాడు. ఆశ్చర్యపోలేదు. అదే ఆమెకు అనుమానం తెప్పించింది.

"పాత నమూనా గోడలకి అంటుకుని ఉంటుంది. కడిగెయ్."

"ఎన్నడూ లేనిది ఎలా అంటుకుంది సార్?"

ఆయన తెర వైపు వేలు చూపాడు. "అచ్చం మీ అక్కే! చెరిపెయ్ దాన్ని."

"చెరపను."

శిఖరం కుంగింది. లేచింది. మళ్లీ కుంగింది... నాలుగు సెకన్లకోసారి, తప్పకుండా, ఎవరో ఊపిరి తీసి వదులుతున్నట్టు.

"ఏం చేస్తున్నావ్?" గుసగుసగా అడిగాడు.

"నేనేం ముట్టుకోలేదు. మీరు?"

ఒకరి చేతుల వంక ఒకరు చూసుకున్నారు. నాలుగు చేతులూ ఖాళీ.

ఆయన ఒక్క అంగలో గోడ దగ్గరికి పోయి మెయిన్ స్విచ్ దించేశాడు. తెర ఆరింది. పంపులు మూలిగి ఆగాయి. తలుపు మీది ఎర్ర దీపం ఒక్కటే మిగిలింది.

"ఇప్పుడేం చూపిస్తావ్?" అన్నాడు.

టిక్...

ఛాంబర్ మీద కరెంటు అక్కర్లేని పాత ప్రెషర్ గేజ్. పంపులు ఆగితే సందుల్లోంచి గాలి దూరి, ముల్లు సున్నా నుంచి పైకి రావాలి.

రావడం లేదు.

సున్నా దాటి కిందికి దిగుతోంది... శూన్యంలోంచి ఇంకా లాగడానికి ఏముంటుంది? బల్ల మీది కాగితాలు ఒక్కొక్కటే ఛాంబర్ వైపు జరుగుతున్నాయి.

"తలుపు..." ప్రొఫెసర్ తన గొంతు పట్టుకున్నాడు. "గాలి... లేదు... తలుపు తియ్యి..."

ఆమె ఆయన పక్కనే ఉంది. ఆమెకి గాలి హాయిగా ఆడుతోంది.