నాలుక తిరగని భాష

మార్చి నెల, బయట వాన. మతెర్న్ రూల్‌మన్ మందుల దుకాణం తలుపు భుజంతో నెట్టుకుని లోపలికి వచ్చాడు. ఒక చేతిలో గొడుగు, రెండో చేతిలో మేనత్త సలోమే చెయ్యి. ద్రాక్షతోటలోంచి తిన్నగా వచ్చిన బూట్లు తుడిచిన నేల మీద బురద ముద్రలు వేశాయి. కౌంటరు వెనకున్న అమ్మాయి ఆ ముద్రలను చూసింది, తర్వాత అతన్ని చూసింది.

ఆమె పేరు సిదొనీ హెర్త్‌సోగ్. ఊరికి కొత్త. రోజూ కోల్మార్ పట్నం నుంచి బస్సులో వస్తుంది. ఎవరు పలకరించినా రేడియోలో వార్తలు చదివినట్టు ఫ్రెంచిలోనే జవాబు చెబుతుందని ఊళ్లో అప్పటికే పేరు పడింది.

సలోమే దగ్గుమందు అడిగింది. సిదొనీ సీసా కోసం అటు తిరగ్గానే మతెర్న్ ఊరి భాషలో, అంటే ఫ్రాన్సు తూర్పు అంచున జర్మనీని ఆనుకున్న అల్సాస్ సీమ భాషలో, మేనత్త చెవిలో గుసగుసలాడాడు.

"ముక్కు ఎంత పైకెత్తిందో చూశావా అత్తా? ఇలాగే బయటికెళితే వాన నీళ్లన్నీ అందులోకే."

సిదొనీ సీసా తెచ్చి బల్ల మీద పెట్టింది. పూటకో చెంచా చాలని సలోమేకి ఫ్రెంచిలో చెప్పింది. తర్వాత అతని వైపు తిరిగి అదే ఫ్రెంచిలో, అదే గొంతుతో అంది.

"ముక్కులోకి వాన నీళ్లు పోతే దానికి చుక్కల మందు వేరే ఉంది. ఇమ్మంటారా?"

సలోమే దగ్గు కాస్తా నవ్వయిపోయింది. మతెర్న్ చెవులు ఎర్రబడ్డాయి.

ఆ సిగ్గు రెండు రోజుల్లో కోపంగా మారింది. అర్థం కాకపోతే సరే. అన్నీ అర్థమవుతూ కూడా మాట్లాడదంటే, మన భాష ఆమెకి నామోషీ అన్నమాట. అలా తేల్చుకున్నాక అతనికి ఆ దుకాణంలో పనులు ఎక్కువయ్యాయి. ఆ వసంతంలో ఊరంతటికీ తగలనన్ని గీతలు అతని వేళ్లకే తగిలాయి. ప్లాస్టర్ కోసం వచ్చినప్పుడల్లా అల్సాస్ భాషలోనే అడిగేవాడు. ఆమె ఫ్రెంచిలోనే ఇచ్చేది. అతని చూపు మాత్రం ప్లాస్టర్ మీద ఉండేది కాదు. అది ఆమె గమనించలేదనీ చెప్పలేం.

మే నెలలో ఒక మధ్యాహ్నం సిదొనీ తనే తోటలోకి వచ్చింది. మతెర్న్ కొత్త తీగలను ఇనప కంబికి కడుతున్నాడు. ఆమె ముక్కు పైకెత్తి లేదు. ఏడ్చి ఏడ్చి ఎర్రబడి ఉంది.

వాళ్ల నాయనమ్మ ఎర్నెస్తీన్‌కి పక్షవాతం వచ్చిందట. చెయ్యీ కాలూ కొంచెం కోలుకున్నాయి గాని, ఫ్రెంచి మాత్రం తుడిచిపెట్టుకుపోయింది. ఒక్క ముక్క కూడా అర్థం కావడం లేదు. మనవరాలు ఫ్రెంచిలో పలకరిస్తే ఎవరో పరాయి మనిషి మీదికొచ్చినట్టు భయపడుతోంది.

"చిన్నప్పటినుంచీ ఆవిడ మీ భాషలో అడిగేది, నేను ఫ్రెంచిలో చెప్పేదాన్ని," అంది సిదొనీ. "మా నాన్న ఇంట్లో ఆ భాష మాట్లాడనిచ్చేవారు కాదు. నా చెవులకే వచ్చు, నోటికి రాదు. మీరు నేర్పుతారా?"

నామోషీ అనుకున్నాడు తను. ఆ మాట తలుచుకుంటే భూమిలోకి కుంగిపోయినట్టయింది. తీగ కట్టే తాడు ఆమె చేతికిచ్చి, "ముందు దీన్ని ఏమంటారో చెప్పండి," అన్నాడు.

అలా మొదలైంది. ఆమె దుకాణం మూశాక, బస్సు వచ్చేలోపు, తీగల వరసల మధ్య నడుస్తూ పాఠం. ఆమె నోట్లో పడి ప్రతి మాటా ప్యారిస్ నుంచి దిగినట్టు పలికేది. అతను నవ్వేవాడు, ఆమె అలిగేది, మళ్లీ మొదటికి. వానొస్తే పనిముట్ల కొట్టం చూరు కింద నిలబడేవాళ్లు. ఆ చూరు ఇద్దరికి చాలదు గనక దగ్గరగా నిలబడక తప్పేది కాదు. ఫ్రెంచిలో 'మీరు' అనుకునేవాళ్లు ఊరి భాషలోకి వచ్చేసరికి 'నువ్వు' అయిపోయారు.

ఒకరోజు ఆ చూరు కిందే ఆమె, ప్రేమిస్తున్నానని చెప్పాలంటే మీ భాషలో ఏమంటారని అడిగింది. పాఠం కోసమే అన్నట్టు అడిగింది.

"అలాంటి మాట మాకు లేదు," అన్నాడు మతెర్న్. "నువ్వంటే నాకిష్టం అంటాం, అంతే."

"ఆల్‌బుఖారా పళ్ల రొట్టె ఇష్టం అన్నట్టా?"

"మాట అదే. మనిషితో అనేటప్పుడు గొంతు కాస్త పట్టేస్తుంది."

"ఏదీ, అను."

అన్నాడు. గొంతు నిజంగానే పట్టేసింది. ఆ సాయంత్రం ఆమె బస్సు వెళ్లిపోయింది, ఆమె ఎక్కలేదు. మరో బస్సు కోసం చాలాసేపు ఆగాల్సి వచ్చినందుకు ఇద్దరిలో ఎవరూ బాధపడలేదు.

సిదొనీ పలుకు సరిగ్గా తిరిగేదాకా ముసలావిడకు తోడుగా మతెర్నే కోల్మార్ వెళ్లి ఆమె మంచం పక్కన కూర్చుని కబుర్లు చెప్పేవాడు. ఒకరోజు సిదొనీ తండ్రి రెనే ఆఫీసు నుంచి తొందరగా వచ్చాడు. తన ఇంట్లో ఆ భాష వినిపించగానే కోటు కూడా విప్పకుండా గుమ్మంలో నిలబడిపోయాడు. తర్వాత ఎంతో మర్యాదగా, మీరిక రావద్దని చెప్పి పంపేశాడు.

సిదొనీ ఆ రోజు తండ్రితో మొదటిసారి గట్టిగా పోట్లాడింది. అప్పుడు చెప్పాడాయన. తనకు ఎనిమిదేళ్లప్పుడు, రెండో ప్రపంచ యుద్ధంలో, జర్మన్లు వచ్చి, రెనే అనే పేరు ఫ్రెంచిదని దాన్ని రెనాటుస్ చేశారు. తండ్రికి జర్మన్ యూనిఫాం తొడిగి రష్యాకి పంపారు. ఆయన తిరిగి రాలేదు. యుద్ధం అయ్యాక ఫ్రెంచి వాళ్లొచ్చి పేరు తిరిగిచ్చారు గాని, అదే బడిలో ఇంటి భాష మాట్లాడితే వేళ్ల మీద స్కేలుతో కొట్టారు.

"ఇద్దరూ నన్ను నువ్వు ఎవరివని అడిగినవాళ్లే," అన్నాడు రెనే. "నిన్నెవరూ అలా అడగకూడదనుకున్నాను తల్లీ."

సిదొనీ కోపం చల్లారింది. పట్టుదల మాత్రం చల్లారలేదు. జూన్‌లో ఒక ఆదివారం మతెర్న్‌ని తనే భోజనానికి పిలిచింది. తండ్రి తలుపు తీసి పక్కకు తప్పుకున్నాడు గాని చెయ్యి కలపలేదు.

ముసలావిడ కిటికీ దగ్గర కుర్చీలో ఉంది. సిదొనీ ఆమె ముందు మోకాళ్ల మీద కూర్చుని, పోయిన ఆదివారం మతెర్న్‌తో చర్చికి వెళ్లానని ఊరి భాషలో చెప్పబోయింది. చర్చిని ఆ భాషలో గొంతు గరగరలాడిస్తూ 'కిర్ఖ్' అనాలి. ఆమె నోట 'కిర్ష్' అని వచ్చింది. అది చెర్రీపళ్ల సారా.

"ఆదివారం పూట, ఇద్దరూ కలిసి, సారాకే?" అని ముసలావిడ కళ్లు పెద్దవి చేసింది.

మతెర్న్ నవ్వాపుకోలేక గోడ వైపు తిరిగాడు. సిదొనీ సరిదిద్దబోయి మళ్లీ సారానే తెచ్చింది.

"ష్ కాదే పిచ్చి పిల్లా," అని గుమ్మంలోంచి ఒక గొంతు వినిపించింది, అచ్చమైన అల్సాస్ భాషలో. "గొంతులోంచి రావాలి. కిర్ఖ్."

ఆ మాటన్నది రెనే. అనేశాక ఆయనే ఉలిక్కిపడి చెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

ముసలావిడ మెల్లగా అటు తిరిగింది. నెల రోజులుగా రోజూ ఎదుట తిరుగుతున్న కొడుకుని అప్పుడే చూసినట్టు చూసింది.

"రెనే, వచ్చావా? ఇన్నాళ్లూ ఎక్కడికి పోయావురా?"

రెనే రెండడుగులు వేసి తల్లి పక్కనున్న స్టూలు మీద కూలబడ్డాడు. "ఎక్కడికీ పోలేదమ్మా," అన్నాడు ఆమె భాషలోనే, ఆమె చెయ్యి పట్టుకుని. తర్వాత కళ్లు తుడుచుకుంటూ మతెర్న్ వైపు చూసి, "నిలబడ్డావేం? కుర్చీ తెచ్చుకో," అన్నాడు. 'నువ్వు' అన్నాడు.

కాసేపటికి ఆ తల్లీకొడుకులను వాళ్ల మానాన వదిలి కుర్రవాళ్లిద్దరూ వంటింట్లోకి వచ్చారు. సూప్ చల్లారిపోయింది. పక్కగదిలో మాటలు వరదలా పోతున్నాయి. అంత వేగాన్ని సిదొనీ చెవులు కూడా అందుకోలేకపోయాయి. ఏమంటున్నారని మతెర్న్‌ని అడిగింది.

అతను తలుపు దగ్గర చెవి పెట్టాడు. "ద్రాక్షకోతలు అయ్యాక అంటున్నారు మీ నాయనమ్మ. అంతకుముందే మంచిదంటున్నారు మీ నాన్న."

"ఏమిటది?"

"మన పెళ్లి."

"నన్నెవరూ అడగలేదే," అంది ఆమె నడుం మీద చేతులు పెట్టుకుని.

మతెర్న్ తలుపు వదిలి దగ్గరకొచ్చి, చల్లారిన సూప్ గిన్నె ఆమె చేతిలోంచి తీసి పక్కన పెట్టి, అడిగాడు.

"యో," అంది సిదొనీ. ఆ భాషలో అవునని. ఈసారి పలుకు ఎక్కడా తప్పలేదు.