సొరంగంలో ఆగిన తోక బండి

కొండ మీది ఆ సొరంగానికి ముందునుంచీ మంచి పేరు లేదు. లోపల బండి ఆపకూడదంటారు. ఎందుకని అడిగితే లారీ డ్రైవర్లు మాట మార్చేస్తారు. మరీ గుచ్చి అడిగితే లేచి టైర్లలో గాలి చూసుకుంటారు.

అక్కడ ఒక రాత్రి జరిగిన ఈ సంగతి చెప్పింది ఒక కుట్టు టీచరు. ఆ రాత్రి ఆమెతో ఉన్నది ఆమె వదిన, హెడ్ నర్సుగా చేసి రిటైరైన మనిషి. ఆవిడ దగ్గర ఈ ఊసెత్తితే ఇప్పటికీ నోరు విప్పదు.

టీచరు అన్నయ్యకి పాత కార్ల పిచ్చి. తుక్కులో పడున్న కారొకటి తెచ్చి, ఇరవయ్యేళ్ళు విప్పి బిగించి మనిషిని చేశాడు. పాతకాలపు కార్ల క్లబ్బు వాళ్ళతో కొండలన్నీ చుట్టి రావాలని ఆయన కోరిక. అది తీరకుండానే పోయాడు. ఆఖరి రోజున తనకు కబురు చెయ్యలేదని టీచరు ఏడాదిన్నరగా వదినతో మాట్లాడలేదు. "మీ అన్నయ్య కారు టూరుకి తీసుకెళుతున్నాను. వస్తావా?" అని వదినే ఫోన్ చేస్తే, కాదనలేక బయల్దేరింది.

మొత్తం పదకొండు కార్లు. వీళ్ళది అన్నిటికన్నా నిదానం కాబట్టి క్లబ్బు పెద్ద, ఓ పళ్ళ డాక్టరు, వీళ్ళని చివర పెట్టాడు. అందరూ తోక బండి అని ముద్దుగా పిలిచేవారు.

మూడో రోజు చీకటి పడే వేళకి కొండెక్కారు. పది కార్లూ సొరంగం దాటిపోయాయి. తోక బండి సరిగ్గా మధ్యలో రెండుసార్లు దగ్గి... ఆగిపోయింది.

ఎక్కుడు దారిలో ఇంజను కాగి, పెట్రోలు గొట్టంలోనే ఆవిరైపోతోందని వదినకి తెలుసు. మొగుడి పక్కన నిలబడి నేర్చుకున్న విద్య. బానెట్ ఎత్తి, తడిగుడ్డ పంపు మీద వేసి, చల్లారేదాకా ఆగాలంది. లైట్లు ఆర్పేసింది. బ్యాటరీ దిగిపోతుందట.

కటిక చీకటి. పైనుంచి నీటి చుక్కలు... ఒకటి... ఇంకొకటి.

ఆ చీకట్లోనే వదిన మెల్లగా అంది — "ఆ రోజు నిన్ను పిలవద్దన్నది మీ అన్నయ్యే, చిన్నీ. 'నన్నిలా చూస్తే అది తట్టుకోలేదు, వద్దు' అన్నాడు. ఆయన మాట ఆయనతోనే పోనిద్దామనుకున్నాను."

టీచరు తడుముకుని వదిన చెయ్యి పట్టుకుంది. ఏడాదిన్నర తర్వాత ముట్టుకోవడం అదే.

అప్పుడు వినిపించింది. వెనకనుంచి... బండి చప్పుడు.

లైట్లు లేవు. చప్పుడొక్కటే. దగ్గరికొస్తోంది. బండి పక్కన నిలబడ్డ ఇద్దరూ గోడకి అతుక్కుపోయారు. రెండు కార్లు పట్టే వెడల్పు లేదక్కడ. గుద్దేస్తుందనే అనుకున్నారు. కానీ వెచ్చటి గాలి ఒకటి మొహాలకి కొట్టింది... పెట్రోలు వాసన... ఎత్తి ఉన్న బానెట్ టపటపా కొట్టుకుంది. అంతే. చప్పుడు ముందుకెళ్ళిపోయింది.

వదిన గుడ్డ తీసి పారేసి బండిలో కూర్చుంది. మొదటిసారికే స్టార్టయింది.

బయట మంచు. అందులో దూరంగా రెండు ఎర్ర దీపాలు — ఏదో పాత కారు వెనక లైట్లు. క్లబ్బులోవాళ్ళెవరో తమ కోసం ఆగారని టీచరుకి ప్రాణం లేచొచ్చింది. వదిన లైట్లు ఆర్పి వెలిగించింది, హారన్ కొట్టింది. ఆ బండి ఆగలేదు. వీళ్ళు వేగం పెంచితే అదీ పెంచింది. ఆ రాత్రి బసకి అనుకున్న లాడ్జి మలుపు దాకా అలాగే పరుగెత్తి, మలుపులో మాయమైంది.

లాడ్జి మెట్ల మీద పళ్ళ డాక్టరు టీ తాగుతున్నాడు. వీళ్ళని చూసి, మళ్ళీ కిందికొచ్చారేంటమ్మా, అలసిపోయాం భోజనం కూడా వద్దని ఇప్పుడేగా పైకెళ్ళారు అన్నాడు. చివరి గది తాళంచెవి ఆయనే ఇచ్చాడట, వదిన చేతికి.

వదిన పైకి నడిచింది. టీచరు వెనకాలే వెళ్ళింది.

వరండా చివర గది. తలుపు కింద సన్నగా వెలుగు. లోపల ఎవరో నడిచి... ఆగారు. వదిన గొళ్ళెం మీద చెయ్యి వేసింది. లోపల గడియ పెట్టి ఉంది.

టీచరు నోరు తెరవలేదు. పెదాలు బిగబట్టుకునే ఉంది. అయినా తలుపు అవతలనుంచి ఆమె గొంతే, అచ్చం ఆమె గొంతే, భయంగా గుసగుసలాడింది —

"వదినా... తలుపు దగ్గర ఎవరో ఉన్నారు."

తర్వాత వదిన గొంతు. పక్కన నిలబడ్డ వదినది కాదు, లోపలిది.

"తెలుసు చిన్నీ. మాట్లాడకు. సొరంగం దగ్గర్నించీ మన వెనకే వస్తున్నారు."