ఫాగుండిష్ దివాణం గోడలో చక్రం

సావ్ జోర్జ్ దీవిలో చీకటి పడ్డాక ఎవరూ తొక్కని దారి ఒకటుంది. ఫాగుండిష్ వారి దివాణం వెనక దారి. పగలైనా సరే అక్కడ గుర్రాలు బెదురుతాయి. ఆడవాళ్ళు శిలువ గుర్తు వేసుకుని, శాలువా చెవుల మీదికి లాక్కుని గబగబా దాటేస్తారు.

ఒకప్పుడు ఎలాంటి దివాణం అది! ఆ ఇంటి నారింజలు ఇంగ్లండు ఓడలెక్కేవి. నల్లరాతి గోడలు, ఓ పక్కన సొంత ప్రార్థన మందిరం. ఆ మందిరం గోడలో ఓ చెక్క చక్రం. చక్రం అంటే బండి చక్రం కాదు, నిలువుగా నిలబెట్టిన పీపా అనుకోండి, ఓ వైపు తెరిచి ఉంటుంది. పెంచుకోలేని తల్లి బిడ్డని వీధిలోంచి అందులో పెట్టి తిప్పితే, బిడ్డ లోపలికి వెళ్ళేది. లోపల పనివాళ్ళు తీసుకునేవారు. ఎవరి మొహం ఎవరూ చూడక్కర్లేదు.

తర్వాత నారింజ చెట్లకి తెగులు పట్టింది. తోటలన్నీ మాడిపోయాయి. దొరలు మూటా ముల్లే సర్దుకుని లిస్బన్ పోయారు. చక్రం మాత్రం గోడలోనే ఉండిపోయింది... ఇల్లు ఖాళీ అని తెలియని తల్లెవరో, ఓ జనవరి రాత్రి బిడ్డని అందులో పెట్టి తిప్పేసి వెళ్ళింది.

రాత్రంతా ఏడుపు. ఊరంతా విన్నది. "కగారు పిట్టలేలే, పడుకోండి" అనుకున్నారు. కగారు కూత అచ్చం పసిబిడ్డ ఏడుపే మరి. తెల్లారాక ఓ ముసలావిడకి తట్టింది — కగారులు నవంబరులో సముద్రం మీదికి పోతే మళ్ళీ మార్చికి గానీ రావు కదా. జనవరిలో పిట్టలెక్కడివి?

పరుగెత్తారు. ఏం లాభం? అప్పటికే చక్రంలో చప్పుడు లేదు.

అప్పట్నుంచీ జనవరిలో ఆ గోడ ఏడుస్తుందని పేరు పడింది. ఏడుపు వినిపిస్తే వెనక్కి చూడకుండా పారిపోవాలి, అంతే.

పాలు మోసే జెర్మానుకి ఇదంతా తెలుసు. కానీ చాలా ఏళ్ళ తర్వాత ఓ జనవరిలో వానలకి కొండచరియ విరిగిపడి మామూలు దారి మూసుకుపోయింది. చీజు చేసేవాళ్ళకి తెల్లారేలోగా పాలు చేరాలి. పాల క్యాన్లు గుర్రం మీద వేసుకుని, ఇంకా చీకటుండగానే దివాణం వెనక దారి పట్టాడు.

గోడ దగ్గరికొచ్చేసరికి గుర్రం ఆగిపోయింది.

"నడవ్వే, నీకేం మాయరోగం..." అని గదమాయించాడు.

అప్పుడు వినిపించింది. సన్నగా... గొంతు చీలిపోయేలా... ఏడుపు.

"కగారు," అన్నాడు జెర్మాను పైకే. రెండడుగులు వేశాడు. మూడో అడుగు పడలేదు. ఇది జనవరి!

క్యాన్లు ఏమయ్యాయో, గుర్రం ఏమైందో, ఇంటికి ఎలా వచ్చి పడ్డాడో అతనికే తెలీదు. భార్య డియొలింద తలుపు తీసింది.

"గోడ... గోడ ఏడుస్తోందే," అన్నాడు తలుపు గడియ పెడుతూ.

ముగ్గురు బిడ్డల్ని కన్నది ఆవిడ. ఒక్కరూ నెల దాటి బతకలేదు. అటక మీద ఉయ్యాల బూజు పట్టి ఉంది.

ఆవిడ లాంతరు వెలిగించింది.

"నీకేమన్నా పిచ్చా? అది దెయ్యమే!"

"అప్పుడు ఊరంతా పిట్ట అన్నారు. ఇప్పుడు నువ్వు దెయ్యం అంటున్నావు. లేచి వెళ్ళి చూసిన మగాడు ఒక్కడైనా ఉన్నాడటయ్యా? నువ్వొస్తే రా, రాకపోతే మంచం కింద దూరు."

వెళ్ళాడు పాపం. ఏం చేస్తాడు?

దగ్గరయ్యేకొద్దీ ఏడుపు పెరిగింది. గోడంతా ఏడుస్తున్నట్టే ఉంది. జెర్మాను ఆవిడ వెనకే నక్కాడు. డియొలింద చక్రం మీద చెయ్యి వేసింది—

ఏడుపు టక్కున ఆగిపోయింది.

"చెప్పానా! పోదాం పదవే..." అని గొణిగాడు.

ఆవిడ వినలేదు. భుజం ఆనించి నెట్టింది. కిర్రు... కిర్రుమంటూ చక్రం తిరిగింది. లోపల ఉన్ని గుడ్డలో చుట్టిన పసిపాప. ఒళ్ళు మంచుముద్ద. పెదాలు నీలం. నోరు మాత్రం తెరుచుకుంటోంది, మూసుకుంటోంది.

"బతికే ఉందయ్యో!" డియొలింద పాపని రవికలోకి దూర్చుకుని, ఒక్క ఉదుటున ఇంటికి పరుగెత్తింది.

ఎవరు పెట్టారో ఎంత అడిగినా తెలీలేదు. పాపకి జసింత అని పేరు పెట్టారు. బంగారు తల్లి, ఒక్కనాడూ ఏడవలేదు. నెల తిరిగే రోజు వచ్చేసరికి డియొలిందకి నిద్ర పట్టలేదు. ఆ గండం దాటింది. ఆ మర్నాడే పాపని, ఆ రాత్రి తర్వాత దానంతటదే ఇల్లు చేరిన గుర్రం మీద, వేలష్ పట్నంలో డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు.

డాక్టరు పాప నోట్లోకి చాలాసేపు చూశాడు.

"పిల్లకేం భయం లేదు, బతుకుతుంది. కానీ... పుట్టుకతోనే గొంతు లేదమ్మా. ఈ పిల్ల ఇప్పటిదాకా ఏడవలేదు. ఇక ఎప్పటికీ ఏడవనూ లేదు. ఇంతకీ చక్రంలో దొరికిందన్నారు, ఆ చీకట్లో అక్కడ బిడ్డ ఉందని మీకెలా తెలిసింది?"

జెర్మాను శిలువ గుర్తు వేసుకున్నాడు.

తిరుగుదారిలో దివాణం దగ్గరికొచ్చేసరికి పొద్దుగూకింది. "ఆపు," అంది డియొలింద.

"ఇక్కడా? వద్దే, నీ కాళ్ళు పట్టుకుంటాను..."

"అప్పుడు చక్రంలో పోయిన ఆ బిడ్డెవరో... మన పిల్ల కోసం రాత్రంతా గొంతు పోయేలా ఏడ్చాడు. వాడి కోసం ఎవరూ రాలేదు కదయ్యా." ఆవిడ కళ్ళ నీళ్ళు కారుతున్నాయి. పాపని అతని చేతికిచ్చి గుర్రం దిగి, పాప కోసం తెచ్చిన సీసాలో పాలు గిన్నెలో పోసి, గోడ దగ్గరికి వెళ్ళింది. గిన్నె చక్రంలో పెట్టింది. తిప్పడానికి చెయ్యి చాపింది.

ఆ చెయ్యి ఇంకా తగలనే లేదు...

కిర్రుమంటూ చక్రం లోపలికి తిరిగింది.