ఛాయాఖాళీలు

“ఎడమవైపు గూట్లోకెళ్లండి. పట్టీ నుదుటికి బిగించుకోండి. అడిగిందల్లా దాచకుండా చెబితే ఖాళీ మీదే,” అన్నాడు భానోజీ. ఎదుటి మనిషి దండం పెట్టి మరీ వెళ్లాడు.

అమీర్‌పేట ఆశాకేంద్రంలో భానోజీ దారిచూపరి. సాంకేతిక కొలువులు ఎక్కడ వెతకాలో తెలియనివాళ్లకి చోటు చూపించడం అతని పని. వెనకటికి నెట్‌లో వెతుక్కునేవారు. ఆ నెట్టే జనాన్ని బయటికి నెట్టేశాక, కేంద్రం పిలిచి కూర్చోబెడుతోంది. సాఫ్ట్‌వేరంటే సాఫ్ట్‌గా వేరు చెయ్యడమనీ, బయోడేటా అంటే బయటికి పోయే డేటా అనీ భానోజీ చెబుతుంటే వరసలో ఉన్నవాళ్లు పడీపడీ నవ్వేవారు. నవ్వినప్పుడల్లా గోడమీది ఆశామాపకంలో పచ్చగీత లేచేది. ఆ కుర్చీలో యంత్రాన్ని కాక మనిషిని ఉంచింది అందుకే. మనిషి చెబితేనే మనిషి నమ్ముతాడు.

బోర్డు మీద మెరిసేవన్నీ ఛాయాఖాళీలని అతనికి తెలుసు. వాటి వెనక కొలువుల్లేవు. గూళ్లలో కూర్చున్నవాళ్లు చెప్పే జవాబులు తాగి, ఆ ప్రశ్నలడిగే యంత్రమేధ పెరుగుతుంది. పెరిగిన మేధ ఇంకొన్ని కొలువులు మింగుతుంది. తెలిసీ జనాన్ని గూళ్లలోకి పంపేవాడు. ఇంట్లో పొయ్యి వెలగాలిగా.

“ఏం భానూ, ఇంకా జోకులతోనే బతుకుతున్నవా?”

తలెత్తాడు. జుబేదా మేడమ్! అతని మొదటి ఉద్యోగంలో టీమ్ లీడర్. అతను చేసిన తప్పుల్ని తన మీద వేసుకుని కాపాడిన మనిషి. జుట్టు పూర్తిగా నెరిసిపోయింది.

“జోకులే నాతో బతుకుతున్నాయి మేడమ్. మీరేంటి ఇక్కడ? మెట్రో పని ఉందిగా?”

“ఉండె. సిగ్నళ్ల పాత కోడ్ మొరాయిస్తే నన్నే పిలుస్తుండ్రి. పోయిన వారం రైలు ఆగింది, పిలవలే. దానంతటదే సర్దుకుని పోయింది. విచిత్రం గద?” నవ్వింది. “ఇప్పుడు బ్రేకుల పనికి మాత్రం పిలుస్తున్నరు. దాంతోనే గడుస్తున్నది. పోనీలే, పోయిన నెల నువ్వు లేనప్పుడొచ్చి ఇక్కడ సిగ్నళ్ల రౌండ్ పాసయిన. ఇయ్యాల బ్రేకుల మీద ఆఖరి రౌండ్. ఈ నౌకరీ నాదే అనిపిస్తున్నది. ఏ గూడు చెప్పు?”

భానోజీ నోట్లో జోకు ఎండిపోయింది. బల్లమీద ఎర్రదీపం తొందరపెట్టింది: చోటు చూపించు.

“వెళ్లకండి మేడమ్.”

“అరె, ఏమైంది?”

“అక్కడ ఉద్యోగం లేదు. మీ రైలు దానంతటదే సర్దుకోలేదు. మీరు ఇక్కడ చెప్పిన జవాబులతోనే మేధ దాన్ని సర్దింది. బ్రేకుల సంగతి కూడా చెప్పేశారంటే మిమ్మల్ని ఇంకెవరూ పిలవరు.”

గొంతు తగ్గించబోయి మానుకున్నాడు. లేచి నిలబడ్డాడు.

“ఏ గూట్లోనూ లేదు! ఎవరూ ఏమీ చెప్పకండి!”

గూళ్లలో గొంతులు ఒక్కొక్కటే ఆగాయి. నుదుళ్ల మీంచి పట్టీలు దిగాయి. తర్వాతి ప్రశ్న, తర్వాతి ప్రశ్న అంటూ మేధ అడుగుతూనే ఉంది. పలికేవాళ్లు లేరు. గోడమీది పచ్చగీత నేలకంటుకుంది.

జుబేదా బల్ల అంచు పట్టుకుంది. సిగ్నళ్ల రౌండ్‌లో తను ఎంత హుషారుగా చెప్పిందో గుర్తొచ్చినట్టుంది.

“మరి ఎక్కడ వెతకాలె భానూ? నువ్వే చెప్పు. దారి చూపెటోనివి గద.”

అతని దగ్గర చూపించడానికి చోటు లేదు.

అంతలో బోర్డు మీది ఖాళీలన్నీ చెరిగిపోయి ఒక్కటే వెలిగింది. ‘దారిచూపరి కావలెను. వెంటనే చేరవలెను.’

జుబేదా చదివింది. మళ్లీ చదివింది. అడగలేక అడిగింది.

“ఇది గూడ ఉత్తదేనా?”

అవునని అబద్ధం చెప్పాలని భానోజీకి ఎంతగానో అనిపించింది.

“కాదు మేడమ్. ఇది నిజంగానే ఖాళీ.”

ఆమె అతని ముఖంలోకి చూడలేకపోయింది. కుర్చీ వైపు చూసింది.