బెన్నీ కట్టిన పాట

“హార్మోనియం బయటికి తీసిందెవరే?”

అమలమ్మ కేకకు దీవెన ఉలిక్కిపడింది.

“నేనే అత్తయ్యా... ఇవాళ ఆయన జ్ఞాపకార్థ కూడిక కదండీ. ఆయన కట్టిన పాట ఒక్కటి...”

“పాటా! పార్టీ పెద్దాయన పోయాడు, దేశమంతా సంతాపదినమని టీవీలో మొత్తుకుంటుంటే నీకు పాట కావాల్సొచ్చిందా? నీ పాటే కదే నా బిడ్డని మింగింది!”

ఆ మాట దీవెనకు కొత్త కాదు. కిందటేడు చర్చిలో క్వయర్ ప్రాక్టీసు నుంచి ఆమెను తీసుకురావడానికి వస్తూ బెన్నీ ఇబ్రహీంపట్నం దగ్గర థర్మల్ ప్లాంటు బూడిద లారీ కింద పడ్డాడు. అంతే, ఆనాటి నుంచి కోడలు గొంతెత్తితే అత్తగారికి ఒళ్లు మంట! పోయినవాడు తనకు మొగుడు కాడూ? ఏడాది కూడికలో పోయినవాళ్లకి ఇష్టమైన పాట ఇంటివాళ్లు పాడతారు. ఆ ఒక్క పాట కోసమే దీవెన ఇన్నాళ్లూ నోరు మూసుకుని బతికింది...

“సంతాపమంటే వేడుకలు వద్దని అత్తయ్యా, దేవుడి పాటలు కాదు. అసలా పాట ఆయన ఎవరి మీద కట్టారో...”

“నోర్ముయ్!” అమలమ్మ హార్మోనియం మూత ధభాలున వేసింది. దీవెన వేళ్లు లాక్కోకపోతే నలిగేవే! పాస్టరు గారు పాట లేకుండానే ప్రార్థన చేసి, భోంచేసి వెళ్లిపోయారు.

సాయంత్రం బావగారు సురేష్ హడావిడిగా వచ్చాడు. పోయిన పెద్దాయన పార్టీకి అతను వార్డు లీడరు.

“దీవెనా, సెంటర్లో సంతాపసభ పెట్టాం. పాడేవాళ్లు దొరకలేదు. బెన్నీ పాటేదో ఉందటగా, అది పాడమ్మా.” అంటూనే తమ్ముడి ఫొటోకున్న చేమంతి దండ తీసి కవర్లో పెట్టుకున్నాడు! “షాపులన్నీ మూసేశారు. పెద్దాయన ఫొటోకి దండ లేకపోతే పరువు పోద్ది.”

దీవెన ఆశగా అత్తగారి వైపు చూసింది. కన్నతల్లి కాదూ, అడ్డుపడదా?

“ఉన్న ఒక్క కొడుకు మాటన్నా నిలబెట్టు. వెళ్లి పాడు,” అంది అమలమ్మ.

సభలో బెన్నీ దండ పెద్దాయన ఫొటోకు వేలాడుతోంది. దీవెన హార్మోనియం ముందు కూర్చుని, కళ్లు మూసుకుని పాట అందుకుంది.

“ఏరు దాటి వస్తన్నా... దీపం ఆర్పకమ్మా...”

జనం కళ్లు తుడుచుకుంటున్నారు. ముందు వరసలో కూర్చున్న అమలమ్మ చటుక్కున తలెత్తింది. రోజూ డ్యూటీ దిగి పొద్దుపోయి వచ్చే బెన్నీ గుమ్మంలోంచి అనే మాటే అది!

చివరి చరణం ఎత్తబోతుంటే ఎమ్మెల్యే కారు దిగాడు. సురేష్ పరుగున వచ్చి మైకు లాక్కున్నాడు. “అందరూ లేచి రెండు నిమిషాలు మౌనం పాటించాలండీ!”

అమలమ్మ తూలుకుంటూ కోడలి దగ్గరికి వచ్చింది. “ఎవరి మీద కట్టాడే ఆ పాట?”

“మీ మీదే అత్తయ్యా. చివరి చరణంలో మీ పేరుంది. క్రిస్మస్‌కి మీకు వినిపిద్దామని దాచారు.”

“నా తల్లివి కదూ... మెల్లిగా నా చెవిలో పాడవే! నా బిడ్డ నన్నేమని పిలిచాడో ఒక్కసారి విననీ!”

దీవెన పెదవుల దాకా వచ్చింది చరణం. నలగబోయిన వేళ్లు గుర్తొచ్చాయి.

“దేశమంతా సంతాపం అత్తయ్యా... పాటలు పాడకూడదు,” అని హార్మోనియం మూత వేసేసింది.

అన్నాక ఆమె గుండె చల్లబడలేదు. ఇంకా మండింది!

అమలమ్మ కొంగు నోట్లో కుక్కుకుని కూలబడిపోయింది. వెనక వరసలో ఒకావిడ పక్కామెతో గుసగుసలాడింది.

“పాపం, పెద్దాయనంటే ఎంత ప్రాణమో ఆవిడకి!”