పదకొండేళ్ళ సముద్రం

"మన నౌక గొంతు నీ దగ్గరుంది, రూఫస్."

చీఫ్ భానుప్రియ గారి ఫోను ఎప్పుడూ ఇలాగే, పలకరింపు లేకుండా మొదలవుతుంది. మైపాడు ఒడ్డున తన రేకుల షెడ్డులో ఏజెంట్ రూఫస్ హెడ్‌ఫోన్లు మెడకు దించుకున్నాడు.

"అర్థం కాలేదు, మేడమ్."

"నిన్న మన కొత్త సబ్‌మెరైన్ మీ ఎదుటి సముద్రంలో టెస్ట్‌కి వెళ్ళింది. నీళ్ళలో నువ్వు దించిన మైకు దాని ప్రొపెల్లర్ చప్పుడు పట్టేసింది. అది శత్రువు చెవిన పడితే ఆ నౌక ఇక ఎక్కడా దాక్కోలేదు. నిన్నటి ఫైలు చెరిపెయ్. సాయానికి మన మనిషి అబిగయీలు వస్తోంది. కోడ్: 'పోటు ఎన్నింటికి?' జవాబు: 'ఇవాళ పోటు లేదు.'"

పదకొండేళ్ళ క్రితం డిపార్ట్‌మెంట్ అతన్ని సౌండ్ ఆర్టిస్టు వేషంలో ఇక్కడికి పంపింది, తీరం మీద కన్నేసి ఉంచమని. కన్ను సంగతేమో గానీ, చెవి మాత్రం ఆ వేషాన్ని నమ్మేసింది. రొయ్యల చిటపటలు, గొరక చేపల కూతలు రికార్డు చేశాడు. పరిశోధన పత్రాలు రాశాడు. బెర్లిన్‌లో జనాన్ని చీకటి గదిలో కూర్చోబెట్టి మైపాడు సముద్రం వినిపించాడు. అసలు ఉద్యోగంలో రాని పేరు దొంగ ఉద్యోగంలో వచ్చింది.

ఫోను పెట్టేసేలోపే గుమ్మంలో నల్లకళ్ళద్దాలు, పట్టు చున్నీ.

"పోటు ఎన్నింటికి?"

"ఇవాళ పోటు లేదు. రండి."

అతను కంప్యూటర్ వైపు తిరిగాడు. మెడ మీద పిస్టల్ చల్లగా తగిలింది.

"సారీ, రూఫస్. నాకు ఇద్దరు బాస్‌లు. రెండోవాళ్ళు నన్ను బాగా చూసుకుంటారు."

మైకు కేబుల్‌తోనే అతని చేతుల్ని టేబుల్ కింద కుర్చీకి కట్టేసింది. హ్యాండ్‌బ్యాగ్ లోంచి పౌడరు డబ్బా తీసి కంప్యూటర్‌కు తగిలించింది. లోపల ఉన్నది పౌడరు కాదు, డిస్క్. ఒక్కో ఫైలూ అందులోకి వెళ్ళగానే ఇక్కడ చెరిగిపోతోంది.

"ఏ రోజుదో మావాళ్ళకు తెలీదు, అందుకే మొత్తం లాగుతున్నా. తేదీ చెప్పు, ఆ ఒక్కటీ తీసుకుని మిగతావి నీకు వదిలేస్తా."

రూఫస్ స్క్రీన్ వైపే చూశాడు.

2015 పోయింది. 2016 పోయింది. 2017లో, మైకు దించుతుంటే వాళ్ళమ్మ ఎలిశబెతు "జాగర్త నాయనా" అన్న మాట ఒకటి రికార్డయి ఉంది. ఆమె పోయి మూడేళ్ళు. ఆ గొంతు ఇంకెక్కడా లేదు. తేదీ నాలుక చివరిదాకా వచ్చింది. 2017 కూడా పోయింది. శిక్షణలో అతనికి నేర్పిన ఇరవై రకాల దెబ్బల్లో కూర్చొని కొట్టేది ఒక్కటీ లేదు.

స్క్రీన్ మీద నిన్నటి ఫైలు ఒక్కటే మిగిలింది. బయట అడుగుల చప్పుడు.

"నోరు మెదిపావో, వచ్చినవాడు చస్తాడు." హెడ్‌ఫోన్లు అతని చెవులకు తగిలించి, పిస్టల్ చున్నీ కింద దాచింది.

గుమ్మంలో పడవల పెద్ద మునెయ్య. హెడ్‌ఫోన్లు చూడగానే చెప్పులు విడిచేశాడు. మైపాడులో తెడ్డు నీళ్ళలో దించి, దానికి చెవి ఆనించి గొరకల జాడ కనిపెట్టే పాతకాలపు వాళ్ళు ఇంకా ఉన్నారు. ఒకడు వింటుంటే పడవలో మిగతావాళ్ళు నోరెత్తరు, ఇంజను కూడా ఆపేస్తారు. వేటకు ముందు చేపల జాడ అడగడానికి వచ్చినప్పుడల్లా, రూఫస్‌కూ ఆ మర్యాద ఇస్తూ మునెయ్య ఎన్నేళ్ళనుంచో గుమ్మం దగ్గరే ఆగిపోతాడు.

'చూడు పెద్దాయనా, నా మొహం చూడు' అని రూఫస్ లోపల మొత్తుకున్నాడు. మునెయ్య అబిగయీలు వైపు చూసి, పెదాల మీద వేలు పెట్టి, వెనక్కి తగ్గాడు.

తొంభై ఆరు శాతం. తొంభై ఎనిమిది.

"అబ్బయ చేపల కూత ఇంటా ఉండాడు," బయట మునెయ్య గొంతు. "ఎవురూ మాట్లాడొద్దు. ఆ మోత ఆపండ్రా ముందు."

పొద్దుటి నుంచీ కరెంటు లేదు. షెడ్డును నడుపుతున్న డీజిల్ జనరేటర్ టక్కున ఆగింది. స్క్రీన్ నల్లబడింది.

అబిగయీలు తలుపు దగ్గరికి దూకింది. బయట ఇసుకలో మునెయ్యతో వచ్చిన ఇరవై మంది బెస్తవాళ్ళు బాసింపట్లు వేసుకుని, ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. పిస్టల్‌లో తూటాలు ఆరే. ఆమె పౌడరు డబ్బా పీకి, అందరికీ నవ్వుతూ నమస్కారం పెట్టి, ఒడ్డున ఆపుకున్న తన స్పీడ్‌బోట్ ఎక్కింది. ఒక్కడూ ఆపలేదు. ఆపాలంటే మాట్లాడాలి కదా.

కేబుల్ విప్పుకోవడానికి రూఫస్‌కు పది నిమిషాలు పట్టింది. జనరేటర్ వేసుకుని, నిన్నటి ఫైలు తనే చెరిపి, చీఫ్‌కు ఫోను చేసి జరిగింది చెప్పాడు.

"మధ్యలో తెగిన ఆఖరి ఫైలు తెరుచుకోదు. ఆమె దగ్గరున్నవి ఉత్త చేపల కూతలే. నౌక సేఫ్. కంగ్రాట్స్."

"అవి తిరిగి రావా, మేడమ్?"

"అధికారికంగా అడగాలంటే నువ్వు మన ఏజెంటువని బయటపెట్టాలి. పెట్టమంటావా?"

రూఫస్ ఫోను పెట్టేసి ఏడ్చాడు. మొహం తుడుచుకునేసరికి మునెయ్య లోపలికొచ్చి నిలబడ్డాడు.

"మోత ఆపిచ్చినా గదా, బాగా ఇనపడిందా అబ్బయా? యాడుండాయి?"

రూఫస్ ఖాళీ స్క్రీన్ వంక చూశాడు.

"తూర్పుకి, పెద్దాయనా. అన్నీ తూర్పుకే పోయినాయి."

మునెయ్య తృప్తిగా తలాడించి, పడవలన్నీ తూర్పుకి తిప్పించాడు.