తలుపు సెన్సార్ పేజీ కింద నేను రాసిన మాట

మా కంపెనీలో లిఫ్టులు బాగుచేసేవాళ్ళం రెండు వందల మందిమి. ఎవరి ఊళ్ళో వాళ్ళం, చాలామందికి ఒకరి మొహం ఒకరికి తెలియదు. ఫోన్లో మాకో ఉమ్మడి నోట్సు ఉంది. ఏ రిపేరు ఎలా చేశామో ఎవరైనా రాయొచ్చు, కింద ఎవరైనా దిద్దొచ్చు. రాసింది చెరపడం మాత్రం కుదరదు. పాత తప్పులు చూసి కొత్తవాళ్ళు నేర్చుకోవాలట.

అందులో నేను మొట్టమొదట రాసింది ఒకే ముక్క: "తలుపు మూసుకోకపోతే సెన్సార్ మార్చాలి."

పది నిమిషాల్లో కింద ఎవరో అడిగారు: "ముందు తుడిచి చూశారా?"

ఒళ్ళు మండింది. మర్నాడు మా ఊరి స్టోర్ రూములో గ్రీజు డబ్బా పట్టుకుని ఒకమ్మాయి నిలబడి ఉంది.

"సెన్సార్లు మార్చేది మీరేనా?"

"తుడిచేది మీరేనా?"

"మూడేళ్ళుగా తుడుస్తున్నానండీ. మార్చింది రెండే."

మా మెకానిక్కులందరిలో ఆడపిల్ల ఆమె ఒక్కతే. నోట్సులో అందరూ టీచరమ్మ అంటారు. మొదట్లో అది ఎగతాళి, తర్వాత అలవాటైపోయింది.

ఒకరోజు ఒక తలుపు మోటారు కీచుమంటుంటే రికార్డు చేసి నోట్సులో పెట్టాను. బేరింగ్ పోయిందని నా నమ్మకం. ఆమె రాసింది: "బేరింగ్ కాదు, బెల్టు. కళ్ళు మూసుకుని ఇంకోసారి వినండి."

విన్నాను. కీచుమనే చప్పుడు వెనక సన్నగా పటపటమని ఇంకో చప్పుడు. రెండేళ్ళుగా అది నా చెవిలో పడుతూనే ఉంది, నేనే వినలేదు. నోరు వెళ్ళబెట్టి అక్కడే కూర్చుండిపోయాను. ఆ పూట నుంచి ఆమె కామెంటు కనబడని రోజు నాకు తోచేది కాదు.

ఒక మధ్యాహ్నం లిఫ్టు ఆపి, దాని పైకప్పు మీద కూర్చుని, తెగించి ఆమెకు రాశాను: "మీరు చెప్పాక నాకు ప్రతి మోటారూ కొత్తగా వినబడుతోంది. మీరంటే నాకు చాలా ఇష్టం."

పంపాక చూసుకున్నాను. ఆమె ఒక్కదానికే వెళ్ళాల్సిన మాట తలుపు సెన్సార్ పేజీ కింద పడింది. చెరపడానికి లేదు.

మొదటి జవాబు వచ్చింది: "ఇది ఏ మోడల్ లిఫ్టుకి తమ్ముడూ?"

రెండోది: "బెల్టు బిగించి చూడు."

మూడోది: "ఓహో, టీచరమ్మ పాఠాలు ఇందుకా?"

అది చదివి సిగ్గుతో చచ్చిపోయాను. మెకానిక్కు అనిపించుకోవడానికి ఆమె మూడేళ్ళు కష్టపడింది. నా ఒక్క మాటతో అదంతా నవ్వులపాలు కాబోతోంది.

వెంటనే దాని కింద రాశాను: "తప్పు నాది. ఆవిడకి ఏమీ తెలియదు. ఆవిడ నాకు నేర్పింది పని. దయచేసి ఆవిడని ఏమీ అనకండి."

తర్వాత ఎవరో రాశారు: "బ్రేకు సెట్ చేయడం నేను ఆవిడ దగ్గరే నేర్చుకున్నా." వెంటనే ఇంకొకరు: "రోప్ అరుగుదల చూడటం నేనూ." ఒక పెద్దాయన: "ముప్ఫై ఏళ్ళ సర్వీసు నాది. తలుపు జారే గైడు పట్టీ సంగతి ఆ అమ్మాయి చెప్తేనే తెలిసింది."

వస్తూనే ఉన్నాయి. పేరు కూడా వినని ఊళ్ళ నుంచి, ఎనభై మూడు. చిట్టచివర ఆ మూడో మనిషి: "నేను కూడా. క్షమించమ్మా."

ఆ చీకటి లిఫ్టు గోతిలో ఫోన్ పట్టుకుని అలాగే ఉండిపోయాను. ఎన్ని ఊళ్ళలో, ఎన్ని మేడల్లో, ఎంతమంది ఈ పిల్ల చలవతో భయం లేకుండా పైకీ కిందికీ వెళ్తున్నారో.

"బయటికొస్తారా, అక్కడే కాపురం పెడతారా?"

పై అంతస్తు తలుపు దగ్గర ఆమె. నాకు ఏ మేడలో పనో ఆఫీసులో అడిగి వచ్చిందట. ముక్కు ఎర్రగా ఉంది. ఎక్కి బయటికొచ్చాను.

"కోపమా?"

"చాలా." ముక్కు తుడుచుకుని అంది, "మూడేళ్ళూ గోడతో మాట్లాడుతున్నానేమో అనుకున్నానండీ. ఇంతమంది విన్నారని నాకు తెలీదు."

"మరి నేను రాసినదానికి జవాబు?"

ఆమె అటూ ఇటూ చూసి, దగ్గరికొచ్చి, చాలా మెల్లగా, "నాకూ ఇష్టమే" అంది.

జేబులో ఫోన్ కోసం చెయ్యి పెట్టానో లేదో, ఆమె లాగేసుకుంది.

"మా అమ్మకి నేను చెప్తాను. మీరు మాత్రం ఏమీ రాయకండి."